వెనక చక్రాల చప్పుడు: కమాన్ పట్టీల నుంచి రబ్బరు బుష్‌ల దాకా

పాత స్పోర్ట్స్ కార్ల మరమ్మతులో అన్నిటికన్నా ఓపిక అడిగే పని వెనక సస్పెన్షన్‌లో పుట్టే చప్పుడును పట్టుకోవడం. ఇంజను చెడితే పొగో వేడో ఏదో ఒక ఆనవాలు చూపిస్తుంది. ఈ చప్పుడు ఇనుము వెంట పాకి, ఒకచోట పుట్టి ఇంకోచోట వినిపిస్తుంది. కుడి హబ్‌లోని వదులు డ్రైవరు వీపు వెనక మోగుతుంది. చెవితో వెతికి విసిగిపోయినవాళ్లు కనిపించిన భాగమల్లా మార్చేస్తారు. అంతకన్నా ముందు తెలుసుకోవలసింది, ఆ కారును గీసిన ఇంజనీరు చప్పుడును ఎక్కడ, దేనితో అణచాలనుకున్నాడన్నది. గ్రీజుతోనా, తోలుతోనా, రబ్బరుతోనా? ఆ ఏర్పాటు తరతరానికీ మారింది. దాని వెంటే చప్పుడు పుట్టే చోటూ మారింది.

మొదట్లో అంతా కమాన్ పట్టీలే. లండన్‌లో బళ్లు కట్టే ఒబడయా ఇలియట్ 1804లో దీర్ఘవృత్తాకారపు స్ప్రింగులకు పేటెంటు తీసుకున్నాడు. గుర్రపు బళ్ల కింద కుదురుకున్న ఆ ఉక్కు పట్టీలే తర్వాత మోటారు కార్ల కిందికీ వచ్చాయి. చక్రం గతుకు ఎక్కినప్పుడు పట్టీ మీద పట్టీ జారుతుంది. కారు ఊపును కొంత ఆపేదీ ఆ రాపిడే, కిర్రుమనేదీ ఆ రాపిడే. అంబాసిడర్ వెనక సీట్లో తిరిగినవాళ్లకు ఆ కిర్రు బాగా ఎరుకే. రెండు ప్రపంచ యుద్ధాల నడిమి కాలంలో చాలా బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లలో పట్టీల కట్టకు తోలు తొడుగు తొడిగి లోపల గ్రీజు నింపేవారు. కారు ఊపును ఆపే హార్ట్‌ఫర్డ్ డాంపర్లు కూడా రాపిడితోనే పనిచేసేవి. బిళ్లల దొంతరను ఒక నట్టుతో బిగించేవారు. ఎక్కువ బిగిస్తే కారు ఎగిరిపడేది, తక్కువ బిగిస్తే ఊగేది. ఆ కాలపు కారుకు మందు గ్రీజు గన్నులోనే ఉండేది.

కమాన్ పట్టీల చివరి గొప్ప ప్రతినిధి ఎమ్‌జీబీ. 1962 నుంచి 1980 దాకా 5 లక్షలకు పైగా తయారైంది. ఆ కాలమంతా వెనక ఇరుసుకు కమాన్ పట్టీలూ, ఆర్మ్‌స్ట్రాంగ్ లీవర్ డాంపర్లే ఉన్నాయి. అప్పటికి పట్టీల చివరను బాడీకి తగిలించే షాకిళ్లలో రబ్బరు బుష్‌లు వచ్చేశాయి కాబట్టి కిర్రు తగ్గింది, ఠక్కుమనే చప్పుడు మిగిలింది. గతుకుల మీద వస్తే డాంపరును ఇరుసుకు కలిపే చిన్న లింకు బుష్ అరిగి ఉంటుంది, లేదా యూ బోల్టులు వదులై ఉంటాయి. క్లచ్ వదలగానే ఒక్కసారి కొడితే సస్పెన్షన్ జోలికి పోనక్కరలేదు. డిఫరెన్షియల్ లోపల చిన్న పళ్లచక్రాల వెనక ఉండే పల్చటి థ్రస్ట్ వాషర్లు అరిగి ఉంటాయి. ఎమ్‌జీబీలకు అది పుట్టుమచ్చ లాంటిది. ఆ సంగతి తెలియక పట్టీలూ డాంపర్లూ మార్చి డబ్బు పోగొట్టుకున్నవాళ్లను తలచుకుంటే బాధగా ఉంటుంది.

వెనక చక్రాలను దేనికదే కదిలేలా చేయాలన్న ఆలోచన పాతదే. ఆస్ట్రియాకు చెందిన ఎడ్మండ్ రుంప్లర్ 1903లోనే స్వింగ్ యాక్సిల్‌కు పేటెంటు పొందాడు. 1954 నాటి మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్ ఆ దారినే నడిచింది. మలుపులో చక్రం లోపలికి ముడుచుకునే గుణం దానికి ఉండేది గనక ఆ దారి ఎక్కువ దూరం సాగలేదు. అసలైన మలుపు 1961లో వచ్చింది.

ఆ ఏడాది మార్చిలో జెనీవా ప్రదర్శనలో జాగ్వార్ ఈ-టైప్ బయటికి వచ్చినప్పుడు జనం దాని పొడవాటి ముక్కును చూశారు. నాకు మాత్రం ఆ కారులో అన్నిటికన్నా అందమైనది వెనక కింద దాగి ఉన్న ఉక్కు పంజరం. దాన్ని రూపొందించిన బాబ్ నైట్ చప్పుడునూ అదురునూ అణచడంలో ఆరితేరినవాడు. నెల రోజుల్లో ఇలాంటి సస్పెన్షన్ గీయలేవని కంపెనీ అధిపతి విలియం లయన్స్ అతనితో 5 పౌన్లు పందెం కట్టాడన్న కథను జాగ్వార్ అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ పంజరం మధ్యలో డిఫరెన్షియల్, దానికి ఆనుకుని రెండు పక్కలా డిస్కు బ్రేకులు ఉంటాయి. ఒక్కో చక్రానికి రెండేసి కాయిల్ స్ప్రింగులు. చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్టే పై చేయిగా కూడా పనిచేస్తుంది. కింది చేయి నీడిల్ బేరింగుల మీద ఆడుతుంది. మొత్తం పంజరం నాలుగు వి ఆకారపు రబ్బరు మౌంటింగుల మీద బాడీకి వేలాడుతుంది. చక్రాలు ముందుకూ వెనక్కూ పోకుండా రెండు రేడియస్ ఆర్మ్‌లు పట్టి ఉంచుతాయి. వాటి చివరలూ రబ్బరులోనే. అంటే ఇనుమూ ఇనుమూ బాడీ దగ్గర ఎక్కడా నేరుగా తగలవు. వెనక ఇరుసు ఊళను స్పోర్ట్స్ కారుకు సహజమనుకున్న కాలంలో ఇది పెద్ద సాహసం. 1968లో వచ్చిన ఎక్స్‌జే6 నిశ్శబ్దానికి పునాది కూడా ఈ ఏర్పాటే.

ఇందులో గ్రీజుతో బతికే భాగాలూ, రబ్బరుతో బతికే భాగాలూ కలిసి ఉంటాయి. రెండిటి ముసలితనం రెండు రకాలు. అందుకే ఈ కారు చప్పుడు ఇంతమందిని తికమక పెడుతుంది.

వెతకడం చవకైన చోటు నుంచి మొదలుపెట్టాలి. కమ్మీల చక్రాలున్న కారయితే ముందు మధ్యలోని స్పిన్నర్ బిగింపు చూడాలి, ఆపైన హబ్ మీది పళ్లు. ఆ పళ్లు అరిగితే బయలుదేరినప్పుడూ బ్రేకు వేసినప్పుడూ ఠక్కుమంటుంది. అది అచ్చం సస్పెన్షన్ చప్పుడులాగే ఉంటుంది. తర్వాత కారును వెనక జాకీ మీద లేపి స్టాండ్లు పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ తిప్పి చూడాలి. ఈ-టైప్‌లో హ్యాండ్ బ్రేకు పట్టేది డిఫరెన్షియల్ పక్కనున్న డిస్కునే. కాబట్టి అప్పుడు దొరికే ఆట అంతా హబ్ పళ్లలోదో, డ్రైవ్ షాఫ్టు చివరి జాయింట్లలోని క్రాసులదో అయి తీరాలి. డిఫరెన్షియల్ ఆ లెక్కలోంచి తప్పుకున్నట్టే. బ్రేకుల చోటు మార్చిన ఇంజనీరు తెలియకుండానే మెకానిక్కు చేతికి ఇంత చక్కటి పరీక్ష ఇచ్చాడు.

అరిగిన క్రాసు ఇక్కడ చప్పుడుతో ఆగదు. షాఫ్టే పై చేయి కావడంతో ఆ క్రాసు మలుపులో చక్రం బరువు కూడా మోస్తుంది. అందులో ఆట ఉంటే చక్రం వాలు మారి, కారు వెనక భాగం తనంత తానుగా దారి మళ్లినట్టు తోస్తుంది. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే హబ్ బేరింగుల వదులు తెలుస్తుంది. దానికి అనుమతి ఉన్నది మిల్లీమీటరులో పదో వంతు అటూ ఇటూ మాత్రమే.

యాక్సిలరేటరు తొక్కినప్పుడూ వదిలినప్పుడూ బరువుగా, మొద్దుగా దబ్‌మంటే అది రబ్బరు పని. వి మౌంటింగుల్లో రబ్బరు ఉక్కు రేకు నుంచి విడిపోతుంది. నూనె కారితే ఇంకా త్వరగా. ఆ నూనె కారడానికి కారణం కూడా ఈ ఏర్పాటులోనే ఉంది. డిస్కుల వేడి పక్కనే ఉన్న ఆయిల్ సీళ్లను గట్టిపరుస్తుంది. రేడియస్ ఆర్మ్ బుష్ చీలినా ఇదే చప్పుడు. దాన్ని మార్చేటప్పుడు ఆర్మ్ బిగించే చోట నేల రేకు తుప్పు పట్టిందేమో స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. రేకు మెత్తబడితే కొత్త బుష్ పెట్టి లాభం లేదు.

జాగ్వార్ చూపిన దారిలో మిగతావాళ్లు తలో రకంగా నడిచారు. 1963లో షెవర్లే కార్వెట్ స్టింగ్ రేలోనూ డ్రైవ్ షాఫ్టే పై చేయి అయింది, స్ప్రింగు మాత్రం అడ్డంగా వేసిన కమాన్ పట్టీ. 1962 నాటి లోటస్ ఎలాన్ క్రాసులను పక్కన పెట్టి షాఫ్టులకు రబ్బరు కప్లింగులు వేసింది. ఠక్కు పోయింది గానీ కారు కదిలేటప్పుడు ఆ రబ్బరు మెలిపడి ముందుకూ వెనక్కూ లాగేది. ట్రయంఫ్ టీఆర్4ఏ, టీఆర్6 కార్లలో షాఫ్టు పొడవు సర్దుకునే జారుడు పళ్లు ఎండి పట్టేసి, ఉన్నట్టుండి వదిలేవి. టీఆర్6 క్లచ్ వదలగానే దబ్‌మంటే డిఫరెన్షియల్ మౌంటింగు దగ్గర ఛాసిస్‌లో పగుళ్లు వెతకాలి. దాన్ని వెల్డింగు చేయకుండా నడపడం ప్రమాదం.

ఇప్పుడు చాలామంది రబ్బరు తీసేసి పాలియూరిథేన్ బుష్‌లు వేస్తున్నారు. నూనెకు చెడవు, త్వరగా అరగవు, మలుపులో కారు గట్టిగా నిలబడుతుంది. పందేలకు తీసుకెళ్లే కారుకు అవి తగినవే. కానీ అవి రబ్బరుకన్నా గట్టివి, వాటికి వాడే ప్రత్యేకమైన గ్రీజు ఎండితే కీచుమంటాయి. బాబ్ నైట్ రబ్బరు మెత్తదనంతో బయటే ఆపేసిన రొదను తిరిగి లోపలికి పిలవడం నాకు సమ్మతం కాదు. రోడ్డు మీద తిరిగే ఈ-టైప్‌కు మంచి రబ్బరే వేయాలి.

రబ్బరు వేశాక బిగించే తీరు కూడా ముఖ్యం. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బోల్టు బిగిస్తే, ఉక్కు గొట్టాల మధ్య అతికిన రబ్బరు కారును దించగానే మెలిపడి అలాగే ఉండిపోతుంది. ఏడాది తిరక్కుండానే చీలుతుంది, చప్పుడు తిరిగొస్తుంది. ఇలాంటి బుష్‌ల బోల్టులను ముందు వదులుగా తొడిగి, కారును చక్రాల మీద నిలబెట్టి, వెనక భాగాన్ని నాలుగైదుసార్లు కిందికి నొక్కి వదిలి, అప్పుడు పూర్తిగా బిగించాలి.