గాంట్జ్ తండ్రీకొడుకులు: చెన్నపట్నం ఇళ్లను గీసిన నిర్మాణ నిపుణులు

జాన్ గాంట్జ్ (1772–1853), ఆయన కొడుకు జస్టినియన్ గాంట్జ్ (1802–1862) చెన్నపట్నంలో స్థిరపడి పనిచేసిన భవన నిర్మాణ నిపుణులు, చిత్రకారులు. జాన్ ఈస్టిండియా కంపెనీ కొలువులో నక్షాలు గీశాడు, సర్వే చేశాడు, భవనాలకు రూపకల్పన చేశాడు. జస్టినియన్ తండ్రి బాటలోనే నడుస్తూ చిన్న పరిమాణపు రూపచిత్రాల్లోనూ పేరు తెచ్చుకున్నాడు. ఇద్దరూ నీటిరంగుల్లో ఊరి దృశ్యాలు వేశారు. పందొమ్మిదో శతాబ్దం తొలి సగంలో ఆ నగరం ఎలా ఉండేదో కళ్లారా చూడాలంటే ఈ బొమ్మలే మంచి ఆధారం.

ఆ రోజుల్లో చెన్నపట్నం తెలుగువాళ్లకు పరాయి ఊరు కాదు. విశాఖపట్నం వంటి తెలుగు జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా అక్కడివాళ్లకు చెన్నపట్నమే రాజధాని. అందువల్ల గాంట్జ్‌ల బొమ్మలు మన చరిత్రకు కూడా సంబంధించినవే.

కంపెనీ పెద్ద కట్టడాలు ఎక్కువగా ఇంజనీర్ల చేతి మీదుగానే లేచాయి. నేడు రాజాజీ హాలుగా పిలిచే బాంక్వెటింగ్ హాలును ఖగోళ శాస్త్రజ్ఞుడు కూడా అయిన జాన్ గోల్డింగ్‌హామ్ రూపొందించాడు. అది 1802లో పూర్తయింది. ఎగ్మూరులో 1821లో తెరిచిన సెయింట్ ఆండ్రూస్ చర్చిని కట్టినవాడు సైనిక ఇంజనీరు డి హావిలండ్. గాంట్జ్‌లు పనిచేసింది ఈ వాతావరణంలోనే. అయితే వారి కుంచెకు, ముఖ్యంగా జస్టినియన్ కుంచెకు, ఇష్టమైన వస్తువు కోటకు దూరంగా తోటల మధ్య వెలసిన దొరల బంగళా.

ఆ ఇంటిని కాస్త దగ్గరగా చూడాలి. ముందు వరుసగా లావుపాటి స్తంభాలు, వాటి వెనక లోతైన వరండా, పైన చదునైన మిద్దె. దూరం నుంచి పాలరాయిలా కనిపించే ఆ స్తంభాల లోపల ఉన్నది ఇటుకే. గవ్వలు, ఆల్చిప్పలు కాల్చి తీసిన గుల్లసున్నాన్ని మెత్తగా నూరి, బెల్లం నీళ్లు, కోడిగుడ్డు తెల్లసొన కలిపి పూతలు పూతలుగా పెట్టి, అద్దంలా మెరిసేదాకా రుద్దేవారు. మిద్దెకైతే టేకు దూలాల మీద సన్నని ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసల్లో సున్నంతో పేర్చి, పైన ఇటుక ముక్కల కాంక్రీటు వేసి దిమ్మిస కొట్టేవారు. మద్రాసు టెర్రస్ అని నేటికీ పాత మేస్త్రీలు చెప్పేది దీన్నే. కట్టడం లోగుట్టు తెలిసినవాడు గీశాడు గనక జస్టినియన్ బొమ్మలో స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం, వరండా లోతు, నీడ పడే తీరు నమ్మకంగా కనిపిస్తాయి. అందం కోసం కొలతలను బలిపెట్టకపోవడమే అతని గొప్పతనం.

వాస్తుశిల్పే కట్టడాల బొమ్మలు గీసే ఈ ఒరవడికి యూరప్‌లో ముందే పెద్ద పేరుంది. రోము నగర దృశ్యాలను రాగిరేకుల మీద చెక్కి అచ్చువేసిన పిరనేసి (1720–1778) తన్ను తాను వెనిస్ వాస్తుశిల్పిగానే చెప్పుకున్నాడు. కానీ రోములో అతను కట్టిన చర్చి ఒక్కటే. పిరనేసి శిథిలాలను ఉన్నవాటికంటే గంభీరంగా పెంచి చూపాడు. గాంట్జ్‌లు అలా చేయలేదు. చిత్రకళగా చూస్తే పిరనేసికి వీరు సాటిరారు. సాక్ష్యంగా మాత్రం వీరి బొమ్మలు తక్కువవి కావు.

బొమ్మను నలుగురికీ చేర్చే పనిలోనూ వీరు ముందున్నారు. రాతిమీద గీసి అచ్చువేసే లితోగ్రఫీ భారతదేశానికి 1820లలో వచ్చింది. ఆ దశాబ్దంలోనే తండ్రీకొడుకులు చెన్నపట్నంలో లితో ముద్రణాలయం నడిపారు. 1827లో ‘ది ఇండియన్ మైక్రోకాజమ్’ అనే చిత్రాల సంపుటిని వెలువరించారు. ఇక్కడి జనం వృత్తులు, ఆచారాలు అందులోని విషయం.

తండ్రి పోయిన తొమ్మిదేళ్లకు జస్టినియన్ కన్నుమూశాడు. ఆ తరువాత నగరం పెరిగింది, తోటలు ముక్కలయ్యాయి, ఆ బంగళాల్లో చాలావాటిని పడగొట్టారు. ఇద్దరి నీటిరంగుల చిత్రాలు అనేకం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. పాత కట్టడాలకు మరమ్మతు చేసేవాళ్లు, ఆర్కిటెక్చర్ చదివేవాళ్లు వాటిని తప్పక చూడాలి.