తెర మీది పేర్లు
1931లో అర్దేషిర్ ఇరానీ తీసిన 'ఆలం ఆరా'తో ఈ దేశపు తెరకు మాటలొచ్చాయి. ఆ మాటల్లో మా ఇంటి ఉర్దూ ఉంది. ఆ తెర మీదికొచ్చేసరికి యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ అయ్యాడు. మహజబీన్ మీనాకుమారి, ముంతాజ్ జహాన్ మధుబాల అయ్యారు. మెహబూబ్ ఖాన్ మాత్రం తన పేరుతోనే 1957లో 'మదర్ ఇండియా' తీశాడు. ఆ రైతు తల్లిని దేశం తన తల్లే అనుకుంది.

1998లో కేంద్రం సినిమాకి పరిశ్రమ హోదా ప్రకటించింది. బ్యాంకు అప్పులకు దారి తెరుచుకుంది. పెట్టుబడికి లెక్క దొరికింది. మరి సెట్లు కట్టిన, బట్టలు కుట్టిన, పాటలు రాసిన మా చేతుల లెక్క? టిక్కెట్ కొన్నవాడి మతం అడగని గల్లాపెట్టె పేరు దగ్గరెందుకు తటపటాయించింది?

దేశభక్తికి రుజువులడిగేవాళ్లకు మేం ఆ తెరనే చూపిస్తాం. అందులో మా చెమట ఉంది. మా పేర్లూ ఉండాలి.