పెద్దపరీక్షలో ఇంగ్లీషు: దాని పూర్వకథ

మార్చి మాసము సమీపించుచున్నదనగా మన కుటుంబములలో నొక భయము ప్రవేశించును. పదవ తరగతి చదువుచున్న బాలుడో బాలికయో ఉన్న యింట రాత్రి చాలసేపటివరకు దీపము ఆరదు. లెక్కలకును సాంఘికశాస్త్రమునకును జంకని పిల్లలు సైతము ఇంగ్లీషు పత్రమనగానే తత్తరపడుదురు. తండ్రి షార్జాకు చేరిన సజ్జాలో పనిచేయుచుండగా, పిల్లలు జగిత్యాల, నిజామాబాదు, కడప, కోనసీమ ప్రాంతముల గ్రామములలో తల్లియొద్దనో అమ్మమ్మయొద్దనో ఉండి చదువుకొనుట నేడు సామాన్యమైన సంగతి. ఆ తండ్రి టెలిఫోనులో అడుగు మొదటి ప్రశ్న అన్నము తింటివా యనియు, రెండవది ఇంగ్లీషు చదివితివా యనియు నుండును. ఈ రెండవ ప్రశ్నకు రెండువందల యేండ్లకు తక్కువకాని చరిత్ర కలదు. అందు కొంత మన తాతముత్తాతలు తోటలలో కూలిచేసిన కాలమునకు సంబంధించినది గనుక, ప్రియ చదువరులకు దానిని విన్నవింపబూనితిమి.

మొదట నొక వింత చెప్పవలెను. మన దేశమున పరభాషలో పరీక్ష వ్రాయుటకు భయపడినవారు తొలుత మనవారు కారు, దొరలే. కుంపిణీవారు 1812వ సంవత్సరమున చెన్నపట్టణములో ఫోర్టు సెంటు జార్జి కళాశాలను స్థాపించిరి. సీమనుండి వచ్చిన యువకులైన యుద్యోగులు జిల్లాలకు పోకముందు ఆ కళాశాలలో దేశభాషలను నేర్చుకొని పరీక్ష నియ్యవలసియుండెను. వారికి తెలుగు వ్యాకరణము కావలసివచ్చెను. కేరీ దొర 1814లో నొకటి, కాంబెలు దొర 1816లో నొకటి ఇంగ్లీషులో అచ్చువేయించిరి. విభక్తులు, సంధులు, క్రియారూపములు ఇవియెల్ల వల్లించి వల్లించి అలసిన ఆ దొరబిడ్డలకును, నేడు ఈజ్, వాజ్, హాజ్ అని వల్లించు మన పిల్లలకును భేదము లేదు. పరభాష యెవనికైనను పరభాషయే. ఇంగ్లీషు రాకపోవుట బుద్ధిహీనత యని తలవంచుకొను పిల్లలకు ఈ సంగతి చెప్పవలెను.

ఆ కళాశాలలో తెలుగు పరీక్ష ఇచ్చి 1820లో కడపకు పోయినవాడే బ్రౌను దొర. అతడు పరీక్షయైన వెంటనే పుస్తకము మూసివేసినవాడు కాడు. కడపలో నుండగా 1821లో ఉచిత పాఠశాలలు పెట్టెను. పండితులను చేరదీసి తాటియాకుల గ్రంథములను సరిచూపించెను. నిఘంటువులను అచ్చు వేయించెను. నిఘంటువులను గురించి అందరెరుగుదురు గాని, 1852లో అతడు ప్రకటించిన వాక్యావళి యను చిన్నపుస్తకమును తలచుకొనువారు తక్కువ. అందు ఇంగ్లీషు నుడికారములను తెలుగు నుడికారములను ప్రక్కప్రక్కన నుంచి అభ్యాసము చేయించుట ఆతని యుద్దేశము. మాటకు మాట కాక వాక్యమునకు వాక్యమును పోల్చుట దానిలోని కీలకము. మా యెరిగినంతలో ఇంగ్లీషు నేర్చు తెలుగువానికి ఇంతకంటె సుళువైన త్రోవ తరువాతివారెవ్వరును చూపలేదు.

బ్రౌనుకంటె ముందే ఇంగ్లీషు నేర్చిన తెలుగువారు లేకపోలేదు. ఒంగోలు సీమలో 1784లో పుట్టిన వెన్నెలకంటి సుబ్బారావుగారు ఇంగ్లీషుతో కూడ అనేక భాషలు నేర్చి చెన్నపట్టణపు సదరు అదాలతు కోర్టులో భాషాంతరీకర్తగా నుండిరి. వారు ఇంగ్లీషులో వ్రాసికొన్న స్వీయచరిత్ర వారి మరణానంతరము 1873లో అచ్చయినది. కాశీయాత్ర చరిత్రము వ్రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారును అట్లే చిన్నతనముననే ఇంగ్లీషు నేర్చి సుప్రీముకోర్టులో ద్విభాషిగా పనిచేసిరి. వీరికి మెట్రిక్యులేషనును లేదు, పట్టమును లేదు. కచేరీలో కూర్చుండి, కాగితములు చదివి, వాదులాడువారి మాటలు విని నేర్చుకొనిరి. సుబ్బారావుగారు 1820లో చెన్నపట్టణపు పాఠపుస్తక సంఘమువారికి పాఠశాలల స్థితిని గూర్చి యొక నివేదిక వ్రాసియిచ్చిరి. పిల్లలు పద్యములను అర్థము తెలియకయే కంఠస్థము చేయుచున్నారని అందు వారు విచారించిరి. ఆ విచారము నేటికిని తీరలేదని మేము సందేహింపక చెప్పగలము.

దొరతనమువారు 1835లో విద్యకై వెచ్చించు ధనమును ఇంగ్లీషు చదువునకే ప్రధానముగా వినియోగింప నిశ్చయించిరి. హార్డింజి దొర 1844లో ఇంగ్లీషు చదివినవారికే సర్కారుకొలువులలో మొదటి తావు ఈయవలెనని ఉత్తరువు చేసెను. అది మొదలు ఇంగ్లీషు చదువు అన్నముతో ముడిపడెను. మచిలీపట్టణమున నోబిలు దొర 1843లో పెట్టిన పాఠశాలయు, గుంటూరున 1842 మొదలు హేయరు దొర పెట్టిన బడులును తెలుగుదేశమున ఈ విద్యకు పునాదులైనవి. మచిలీపట్టణపు బడి మొదట ఉన్నతవర్ణముల బాలురకొరకే యేర్పడినదని దాచకుండ చెప్పవలెను. పొలములలో కూలిచేయువారి బిడ్డలకు ఆ తలుపు చాలకాలమునకు గాని తెరువబడలేదు.

చెన్నపట్టణ విశ్వవిద్యాలయము 1857 సెప్టెంబరు 5వ తేదీని చట్టముచే నేర్పడెను. మెట్రిక్యులేషను అను ప్రవేశపరీక్షయు ఆ యేటనే మొదలాయెను. ఆ పరీక్ష దాటినవానికి కళాశాల ద్వారము తెరచుకొనెడిది, దాటలేనివానికి ఏ కచేరీలోనో గుమాస్తా పనియైనను దొరకునాయని దేవులాట మిగిలెడిది. ఇందులో ఇంగ్లీషే పెద్ద అడ్డుకట్ట. వాక్యములోని ప్రతిమాటను పట్టుకొని ఇది నామవాచకము, ఇది క్రియ, ఈ క్రియకు కాలమిది, కర్త యిది యని విడదీసి చెప్పవలెను. దీనిని పార్సింగు అనిరి. ఇంగ్లీషు పద్యమును ఇంగ్లీషు గద్యముగా మార్చవలెను. ఇట్టి కసరత్తులు చేసిన బాలుడు వాక్యమును ఎముకలుగా విరువ నేర్చెను గాని, ఒక జాబు తప్పులేక వ్రాయ నేర్చుట అరుదాయెను.

ఈ స్థితిని గురజాడ అప్పారావుగారు చూచినంత చక్కగా మరియెవ్వరును చూడలేదు. వారు తామే మెట్రిక్యులేషను దాటి పట్టభద్రులై విజయనగరమున ఉపాధ్యాయులుగా నుండినవారు. వారి కన్యాశుల్కము 1892లో మొదట ప్రదర్శింపబడెను, 1897లో అచ్చయ్యెను, 1909లో పెంచి వ్రాయబడెను. అందు పరీక్ష తప్పిన వెంకటేశమును వెంటబెట్టుకొని గిరీశము పల్లెకు పోవును. కొడుకు ఇంగ్లీషు మాటలాడగా వినవలెనని తల్లి ముచ్చటపడును. గురుశిష్యులిద్దరును సంభాషించినట్లు నటించుచు, ఒకరు శిశువుల పాటను, ఒకరు క్షేత్రగణితములోని వాక్యమును, ఇట్లు నోటికి వచ్చినదెల్ల అప్పగింతురు. తల్లి మురిసిపోవును. చూచువారు నవ్వుదురు. ఇంగ్లీషు రాని తల్లిదండ్రులను ఇంగ్లీషు ధ్వనితోనే మోసగింపవచ్చునని గురజాడవారు కనిపెట్టినది నూటముప్పది యేండ్ల క్రిందట. నెలకు ఇంత రుసుము తీసికొని పిల్లవానిచేత నాలుగు ముక్కలు గడగడ అప్పగింపించి తండ్రిని సంతోషపెట్టు ట్యూషను పంతుళ్లు నేడును లేకపోలేదు. అప్పగించినదానికి అర్థము తెలుగులో చెప్పుమని అడిగినచో గుట్టు బయటపడును. ఆ ప్రశ్న అడుగుటకు తండ్రికి ఇంగ్లీషు రానక్కరలేదు.

మెట్రిక్యులేషనుకు మారుగా చెన్నరాజధానిలో 1911 మొదలు ఎస్.ఎస్.ఎల్.సి. అను పాఠశాలాంత పరీక్ష వచ్చెను. వ్యాకరణ పుస్తకములును మారినవి. సీమలో 1795లో వెలువడిన లిండ్లీ మర్రే వ్యాకరణము పోయి, 1898 ప్రాంతమున నెస్ఫీల్డు దొర పుస్తకము వచ్చెను. 1930ల తరువాత రెన్ అండ్ మార్టిన్ పుస్తకము ఇంటింట చేరెను. ఇందులోని రెన్ నవలలు వ్రాసి పేరుపొందినవాడు కూడ. ఇవి మంచి పుస్తకములే. అయినను సూత్రము, ఉదాహరణ, ఖాళీలు పూరింపుము అను క్రమమునకు మనము ఎంతగా అలవాటుపడితిమనగా, ఖాళీ లేని కాగితమిచ్చినచో చేయి కదలదు.

ఇక తోటల సంగతి. మారిషసు చెరకుతోటలకు 1830ల మొదలును, నేటాలుకు 1860 మొదలును, ఫిజీకి 1903 మొదలును తెలుగువారు ఓడలెక్కిరి. మలయాలో రబ్బరు, కొబ్బరితోటలకు కంగాణీల వెంట పోయినవారు అనేకులు. పేరాకు రాష్ట్రములోని బాగాన్ దాతో ప్రాంతమున వారి సంతతి నేటికిని కలరు. తోటపిల్లలకు చదువు చెప్పవలెనను విధి మలయాలో 1923నాటి లేబరు కోడువలన గట్టిపడెను. ఏడు మొదలు పదునాలుగేండ్ల వయసు పిల్లలు పదిమంది యున్న తోటలో యజమాని బడి పెట్టవలెనని దాని తాత్పర్యము. బడులు వచ్చినవి. గుమాస్తాయో కంగాణియో తన పని ముగిసిన తరువాత పంతులై కూర్చుండుటయు కలదు. అక్షరములు, చిన్న లెక్కలు, కొద్ది పాఠములు, అంతటితో సరి. ఆ బడులు ప్రాథమిక తరగతులతోనే ఆగిపోయెడివి. పెద్దపరీక్షయైన కేంబ్రిడ్జి స్కూలు సర్టిఫికెటు ఇంగ్లీషు బడులలో చదివినవారికే. ఆ బడులు పట్టణములలో నుండెను. వాటికి జీతము కట్టవలెను. తోటనుండి పట్టణమునకు రోజును పోయివచ్చుటకు దారి లేదు. పన్నెండేండ్ల బిడ్డ పాలు తీయుటకు తల్లితో కూడ చెట్లలోనికి పోయినచో ఇంటికి నాలుగు సెంట్లు వచ్చును. ఇట్లు తోటబడికిని పెద్దపరీక్షకును నడుమ వంతెన లేకపోయెను. ఆ గోడ ఇంగ్లీషు అక్షరములతో కట్టబడియుండెను. తోటలో పుట్టినవాడు తోటలోనే ముసలివాడగుటకు సోమరితనమొక్కటే కారణమని చెప్పువారు ఈ గోడను చూడనివారు.

సజ్జా యందు తోటలు లేవు. అక్కడి నేలలో 1980లో గ్యాసు బయటపడినది, పిమ్మట కర్మాగారములును, కూలివారి నివాసములును వెలసినవి. తోటలైన్లలో నుండిన కుటుంబమునకును సజ్జా నివాసములోనివానికిని ఒక పెద్ద భేదము కలదు. తోటకు పోయినవాడు బిడ్డలను వెంట తీసికొనిపోయెను. ఇతడు విడిచి వచ్చును. ఎమిరేట్లలో కుటుంబమును తెచ్చుకొనవలెనన్నచో 2019నాటి నిబంధన ప్రకారము నెలకు 4,000 దిర్హములైనను, లేక 3,000 దిర్హములును నివాసమునైనను ఉండవలెను. సామాన్యపు కూలికి అది అందనిది. కావున బిడ్డ పరీక్ష ఊరిలో, తండ్రి ఆరాటము ఎడారిలో.

ఆ తండ్రికి ఇంగ్లీషు విలువ ఒకరు చెప్పనక్కరలేదు. ఎమిరేట్ల ప్రభుత్వము 2016 మొదలు ఉద్యోగపు ఒడంబడికను అరబీ, ఇంగ్లీషులతోపాటు కూలివానికి తెలిసిన మూడవ భాషలో చూపవలెనని నియమించెను. ఇది మంచి పనియే. కాని అప్పుడు ప్రకటించిన భాషలలో హిందీ, ఉర్దూ, అరవము, మలయాళము కలవు గాని తెలుగు లేకుండెను. మనవాడు తన జీతము, పనివేళలు, సెలవు ఏమని వ్రాసియున్నవో హిందీలోనైనను ఇంగ్లీషులోనైనను చదువుకొనవలెను, లేదా పరుని మాట నమ్మవలెను.

ఇప్పుడు పిల్లల తప్పులను కొంచెము చూతము. నాకు జ్వరము అని తెలుగులో చెప్పినచో క్రియ అక్కరలేదు. ఇంగ్లీషులో క్రియలేనిది వాక్యము కాదు. బిడ్డకు ఏదో క్రియ కావలెనని మాత్రము తెలియును గనుక ఐ యామ్ ఫీవర్ అని వ్రాయును, అనగా నేనే జ్వరమును అని! అట్లే నిన్న వచ్చిన మనిషి అనుచోట మనకు మనిషి చివర వచ్చును, ఇంగ్లీషులో ద మాన్ హూ కేమ్ ఎస్టర్డే అని మనిషి ముందు నడచును. ద అను చిన్నమాటకు మన భాషలో సాటియే లేదు. కర్మణి ప్రయోగమును గూర్చి చెప్పనేల? స్థాపింపబడెను, తెరువబడెను అని మేము ఈ పుటలో వ్రాయుచున్నాము గాని ఇంటిలో నెవ్వరును అట్లు పలుకరు. ఇంటిలో లేని పోకడను పరభాషలో పట్టుకొనుట బిడ్డకు కష్టమే. ఈ తప్పులకు కారణము తెలుగు వాక్యము మనసులో గట్టిగా నిలిచియుండుట. తప్పును కొట్టివేయుట చాలదు. రెండు వాక్యములను బ్రౌను వలె ప్రక్కప్రక్కన వ్రాయించినచో బిడ్డయే భేదమును చూచును.

పఠనాంశము విషయమునను అట్లే. ప్రశ్నలోని మాట గద్యములో నెక్కడ నున్నదో వెదకి, ఆ వరుసనంతయు ఎత్తివ్రాయు పిల్లలు కొన్ని మార్కులు పొందుదురు. ప్రశ్న ఎందుకు అని అడిగినప్పుడు చిక్కుకొందురు. గద్యమును ఒకమారు బిగ్గరగా చదివి, పుస్తకము మూసి, కథను తెలుగులో చెప్పించి, తరువాతనే ప్రశ్నలు చూడనిచ్చినచో ఆ చిక్కు విడును. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పత్రమునకు 100 మార్కులు, దాటుటకు 35. తుమ్మినంత మాత్రమున తప్పునట్టి పరీక్ష కాదు.

సజ్జాలో రాత్రి పని ముగించి వచ్చిన తండ్రికి ఊరిలోని గడియారము గంటన్నర ముందుండును. ఇతడు ఎనిమిదింటికి పిలిచినచో అక్కడ తొమ్మిదిన్నర. బిడ్డ నిద్రకు పోకముందు పది నిమిషములు దొరకును. ఆ పది నిమిషములలో బిడ్డ ఒక పుట ఇంగ్లీషు చదువగా విని, కథ యేమని తెలుగులో అడుగుట ఆతనికి సాధ్యమే.