బడ్డీ దాటించిన వీధి



మా ఇంట్లో చిట్టి అనే లాబ్రడార్ ఉంది. దాన్ని కూర్చోమనడానికి పిల్లలు 'సిట్' అంటారు. మా ఆవిడ 'డౌన్' అంటుంది. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ 'కూర్చోవే తల్లీ' అంటుంది. నాకు విసుగొస్తే 'ఏయ్' అంటాను. భోజనాల దగ్గర దానికేమీ పెట్టకూడదని అందరం అనుకున్నాం. అమ్మ మాత్రం బల్ల కిందినుంచి ఇడ్లీముక్క జారవిడిచేది. ఏడాది గడిచినా చిట్టి ఎవరి మాటా వినలేదు. ఇది మొద్దుకుక్క అని తేల్చేశాను.

ఓ శనివారం పనిమీద న్యూజెర్సీలోని మోరిస్‌టౌన్ వెళ్ళాను. అక్కడి పార్కులో ఒక మనిషి, ఆయన పక్కన ఒక కుక్క ఉన్న కంచు విగ్రహం ఉంది. 2005లో పెట్టారు. ఆయన పేరు మోరిస్ ఫ్రాంక్, కుక్క పేరు బడ్డీ. ఇవాళ్టి నా కబుర్లు వాళ్ళిద్దరి గురించే.

కథ జర్మనీలో మొదలవుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో చూపు పోయిన సైనికులకి దారి చూపేందుకు 1916లో ఓల్డెన్‌బర్గ్‌లో కుక్కల శిక్షణాలయం పెట్టారు. తర్వాత పోట్స్‌డామ్‌లో ఇంకొకటి వచ్చింది. స్విట్జర్లాండ్‌లో కుక్కల్ని పెంచుతున్న డోరతీ యూస్టిస్ అనే అమెరికన్ వనిత పోట్స్‌డామ్ బడిని చూసి, 1927 నవంబరులో 'సాటర్డే ఈవెనింగ్ పోస్ట్' పత్రికలో వ్యాసం రాసింది. టెనెసీ రాష్ట్రం, నాష్‌విల్‌లో చూపులేని పంతొమ్మిదేళ్ళ మోరిస్ ఫ్రాంక్‌కి వాళ్ళ నాన్న ఆ వ్యాసం చదివి వినిపించాడు. ఆ కుర్రాడు వెంటనే ఆమెకు ఉత్తరం రాశాడు: నాకు సాయం చేయండి, నేను తిరిగొచ్చి ఇక్కడి వాళ్ళకి దారి చూపిస్తాను అని.

1928లో అతను స్విట్జర్లాండ్ వెళ్ళాడు. కుక్కకి శిక్షణ అప్పటికే అయింది. ఇక మిగిలింది మనిషికి శిక్షణ! పట్టీ ఎలా పట్టుకోవాలి, ఏ మాట ఎప్పుడు అనాలి, ఎప్పుడు మెచ్చుకోవాలి, ఇవన్నీ వారాల తరబడి నేర్చుకున్నాడు. ఆ పద్ధతి ఇప్పటికీ అదే. ఒక పనికి ఒకటే మాట. ప్రతి పేవ్‌మెంటు అంచు దగ్గరా ఆగాల్సిందే, ఈరోజు ఆగి రేపు మానేయడం కుదరదు. నడుముకి పట్టీ కడితే పని, విప్పితే ఆట.

ఆ జూన్‌లో న్యూయార్క్‌లో దిగగానే విలేఖరులు పందెం వేసినట్టు వెస్ట్ స్ట్రీట్ దాటి చూపించమన్నారు. లారీలూ గుర్రపుబళ్ళూ కిక్కిరిసిన వీధి అది. బడ్డీ ఆగుతూ, వెనక్కి తగ్గుతూ, మళ్ళీ నడుస్తూ అతన్ని అవతలికి చేర్చింది. ఫ్రాంక్ యూస్టిస్‌కి ఒక్క మాటతో టెలిగ్రాం కొట్టాడు: 'సక్సెస్'. 1929 జనవరిలో నాష్‌విల్‌లో 'ద సీయింగ్ ఐ' సంస్థ మొదలైంది. ఆ తర్వాత న్యూజెర్సీకి తరలివచ్చింది.

ఇందులో నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. యజమాని 'ఫార్వర్డ్' అన్నా, ఎదురుగా కారు వస్తుంటే కుక్క కదలకూడదు. అంటే ఆజ్ఞని ధిక్కరించాలి. మామూలు రోజుల్లో ఆజ్ఞకి ఒకటే అర్థం ఉన్న కుక్కకే ఈ తేడా నేర్పడం సాధ్యం. అన్నీ గందరగోళంగా ఉన్న చోట, కుక్క మొండికేసిందో ప్రాణం కాపాడిందో ఎలా తెలుస్తుంది?

మరి అమ్మ ఇడ్లీముక్క సంగతి? దానికీ చరిత్ర ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్, మీట నొక్కిన ఎలుకలకి తిండిగుళికలు ఇచ్చి పరిశోధించేవాడు. గుళికల్ని చేత్తోనే తయారుచేసుకునేవాడట. ఓ శనివారం అవి సరిపోవని తోచి, నిమిషానికి ఒకటి చొప్పునే ఇచ్చాడు. అయినా ఎలుకలు నొక్కుతూనే ఉన్నాయి. ప్రతిసారీ దొరికి ఆగిపోయినదానికంటే, అప్పుడప్పుడూ దొరికినదానికోసం ప్రాణి ఎక్కువకాలం పట్టువదలదని అలా తేలింది. అట్లాంటిక్ సిటీలో స్లాట్ మెషిన్ల ముందు కూర్చున్నవాళ్ళని చూస్తే ఈ సంగతి మనకే తెలుస్తుంది. మా చిట్టికి మా భోజనాల బల్లే స్లాట్ మెషిన్. దాన్ని తయారుచేసింది మేమే.

ఇంటికొచ్చి అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఇకనుంచి ఒకటే మాట: 'కూర్చో'. బల్ల దగ్గర ఎవరూ ఏమీ పెట్టరు. అమ్మ ముఖం చిన్నబోయింది. "మరి నేను దానికి పెట్టుకోకూడదా, నాయనా?" అంది. అప్పుడు తట్టింది. ఏళ్ళ తరబడి రోజూ ఒకే వేళకి దేవుడి దగ్గర దీపం పెట్టే మనిషి ఆవిడ. మా ఇంట్లో అంత నియమం ఇంకెవరికుంది? సాయంత్రం ఆరింటికి చిట్టి గిన్నె నింపే బాధ్యత ఆవిడకే ఇచ్చాం.

ఇప్పుడు అమ్మ 'కూర్చో' అంటే చాలు, చిట్టి కూర్చుంటుంది. నేనంటే మాత్రం ఒక్క క్షణం ఆలోచిస్తుంది. ఇన్నాళ్ళూ మాట మార్చింది నేనే కదా, దాని లెక్క దానికుంది.

సెలవు.