ఇబ్నె సీనా సూత్రం - మంజీరా తీరపు జొన్నరొట్టె

వైద్యశాస్త్ర చరిత్రలో అగ్రగణ్యులైన ఇబ్నె సీనా (980-1037) తమ 'అల్ ఖానూన్ ఫిత్తిబ్' గ్రంథంలో ఆరోగ్యరక్షణకు మూడు విషయాలను మూలంగా చెప్పారు: వ్యాయామం, ఆహారం, నిద్ర. వీటిలో వ్యాయామాన్నే మొదట పేర్కొన్నారు. ఈ సూత్రపు సత్యాన్ని గ్రహించడానికి బుఖారా దాకా పోనక్కరలేదు. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతపు ఇటీవలి చరిత్ర చాలు.

మెట్టసేద్యపు ఈ సీమలో ఒకప్పుడు జొన్నే ముఖ్యాహారం. రొట్టె, గట్క, వీలైతే కందిపప్పు. స్త్రీలు విసుర్రాయి త్రిప్పేవారు, పురుషులు నాగలి వెంట నడిచేవారు. తిన్నది శ్రమలో కరిగిపోయేది.

అయితే పాతదంతా మేలిమి అనుకోవడం పొరపాటు. 1958లో కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాల (నేటి జాతీయ పోషకాహార సంస్థ) శాస్త్రజ్ఞుడు డాక్టర్ సి. గోపాలన్, జొన్నతోనే కడుపు నింపుకునే పేదలలో పెల్లాగ్రా వ్యాధిని గూర్చి తమ సహచరునితో కలసి 1960లో ప్రకటించారు. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు కట్టడం, విరేచనాలు, మతి చెదరడం దీని లక్షణాలు. నియాసిన్ అనే విటమిన్ లోపం దీనికి మూలం. జొన్నలో అధికంగా ఉండే లూసిన్ ఆ లోపాన్ని పెంచుతుందని వారి నిర్ణయం. కాగా దోషం గింజ ఒక్కదానిదే కాదు, మరొకటి కొనలేని లేమిది కూడా.

తరువాత కాలం మారింది. జొన్న, సజ్జ, కంది, శనగలపై పరిశోధనకు 1972లో పటాన్‌చెరులో ఇక్రిసాట్ సంస్థ వెలసింది. ఆ దశకంలోనే చుట్టూ కర్మాగారాలు లేచాయి. 1983లో కిలో 2 రూపాయల బియ్యం పథకం వచ్చింది. దానితో ఎన్నో ఇండ్లలో ఆకలి తీరింది. ఆ మేలును కాదనలేము. కాని క్రమంగా జొన్నరొట్టె స్థానంలో మూడు పూటలా తెల్లన్నం చేరింది. నాగలి వెంట నడిచినవారి బిడ్డలు ఎందరో యంత్రం ముందు, కాపలా కుర్చీలో గంటల తరబడి గడుపుతున్నారు. అంటే ఆహారమూ, శ్రమా ఒకేసారి మారాయి.

కదలని బ్రతుకు చేసే హానిని లండనులో జెరెమీ మారిస్ 1953లోనే వెల్లడించాడు. ఒకే బస్సులో పనిచేసినా, మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే కూర్చుండే డ్రైవర్లకే గుండెజబ్బులు ఎక్కువగా వచ్చాయి. మన దేశంలో చక్కెరవ్యాధి అంచున ఉన్న 531 మందిపై జరిగిన పరిశీలన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. ఆహార నియమం, నడక పాటించినవారిలో ఆ వ్యాధి వచ్చే ప్రమాదం సుమారు 28 శాతం తగ్గింది.

కనుక జొన్న తిన్నంత మాత్రాన రక్షణ లేదు. అన్నం తిన్నంత మాత్రాన ముప్పూ లేదు. తినేదానికి, చేసే శ్రమకు పొందిక కుదరాలి. తాతకు ఆ శ్రమ పొలంలోనే దొరికింది. షిఫ్టు దిగి ఇల్లు చేరిన మనుమడు దానికోసం వేరే గంట కేటాయించుకోవాలి. అలసిన కార్మికునికి అది తేలిక కాదు. అయినా ఇబ్నె సీనా వ్యాయామాన్ని మొదట ఎందుకు పేర్కొన్నారో ఆ గంటే తెలియజేస్తుంది.