కాలువ చెప్పిన పాఠము

ఒక సమస్యకు ఒక మందు వేసి, అది కుదరలేదని మరియొక మందు వేయుట ప్రభుత్వములకే కాదు, మనకందరకును పరిపాటి. జబ్బు ఒక్క అవయవమునకు గాక దేహమంతటికిని సంబంధించినదైనప్పుడు అట్టి వైద్యము ఏమగునో కర్నూలు-కడప కాలువ చరిత్ర చెప్పుచున్నది.

నల్లమల, ఎర్రమల కొండల నడుమ కుందేరు పారు లోయలో నంద్యాల, ఆళ్లగడ్డ ఉన్నవి. ఇచ్చటి నల్లరేగడికి ఒక గుణము కలదు. మంచి వాన పడినచో ఆ తడిని చాలకాలము దాచుకొనును. అందుచేతనే ఈ లోయలో జొన్నయు, ప్రత్తియు తరతరములుగా వాన మీదనే పండినవి.

ఇట్టి నేలకు 1860 తరువాతి దశకమున కాలువ వచ్చినది. సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహముతో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ దీనిని త్రవ్వించెను. కంపెనీ పెట్టుబడిలో 10 లక్షల పౌనులపై నూటికి 5 చొప్పున వడ్డీకి ప్రభుత్వము పూచీపడెను. తుంగభద్రపై సుంకేసుల ఆనకట్ట వద్ద బయలుదేరి, కర్నూలు వద్ద హంద్రిని దాటి, మిట్టకందాల గట్టును త్రవ్వుకొని కుందేటి లోయలో దిగి, కడప వరకు సుమారు 190 మైళ్లు సాగిన కాలువ ఇది. పైరుకు నీరు, పడవలకు దారి, రెండును దీని ఉద్దేశములే.

కాలువ సిద్ధమైనది గాని నీరు కొనువారు కరవైరి. ఇది రైతు మొండితనమనుకొనుట సులభము. కాని రైతు లెక్క వేరు. మడి కట్టవలెను, చదును చేయవలెను, ఎరువు చూడవలెను, నీటితీరువ చెల్లింపవలెను. జొన్న మాని వరి పెట్టినచో ఎడ్లకు జొన్నచొప్ప ఏది? మంచి వాన కురిసిన ఏట ఇదంతయు దండుగ గాదా? కంపెనీ కాలువను మాత్రమే చూచెను; రైతు చేనును, ఎద్దును, వానను, తీరువను కలిపి చూచెను.

అంతలో 1876-78 నాటి ధాతకరవు వచ్చినది. వద్దన్న నీటికే రైతులు ఎగబడిరి. అయినను జిల్లాను కాపాడుట ఒక్క కాలువ వల్ల కాలేదు. 1871లో 9 లక్షలకు పైబడియున్న కర్నూలు జిల్లా జనాభా 1881 నాటికి 7 లక్షలకు లోబడెను. వానలు తిరిగి కురియగనే నీటి గిరాకీ మరల పడిపోయెను. 1882లో ప్రభుత్వమే కాలువను కొనెను. పిదప నంద్యాల మీదుగా రైలు నడచెను; పడవల రాకపోకలు 1933లో నిలిచిపోయినవి.

తరువాత కథ తలక్రిందులైనది. 1953లో ఎగువ తుంగభద్ర డాము నిలిచెను. బచావత్ ట్రిబ్యునల్ ఈ కాలువకు 39.9 టి.ఎం.సి.లు కేటాయించెను, అందులో 10 డాము నుండి రావలసినవి. నీటిపై నమ్మకము పెరిగిన కొలది వరి పెరిగెను. నంద్యాల సోనా బియ్యమునకు పేరు వచ్చెను. ఒకనాడు నీరు వద్దన్న నేల ఇప్పుడు చాలదనుచున్నది. ఎగువ మళ్లు నిండగా మిగిలినదే కడప వైపు చివరి మడికి చేరును. 1996లో జపాను ఋణముతో ఆధునీకరణ చేపట్టిరి. కాలువకు మరమ్మతు చేయుట ఎంత అవసరమో, పైరును, పంపకమును సరిచూచుటయు అంత అవసరమే.

ఈ లోయలో కుందేరు నీటిని మోయు కాలువయు నగును, మురుగును దింపు వాగును నగును. కొండ అంచున వెలుగోడు నుండి ఆళ్లగడ్డ మీదుగా తెలుగుగంగ పారుచున్నది. నల్లమల వాగులు దానిని దాటియే కుందేటిని చేరవలెను. ఒకచోట గట్టు పెంచినచో మరియొకచోట నీరు నిలుచును. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలును ముంచి సుంకేసుల కట్టను దెబ్బతీసినప్పుడు, ఎగువ దేశపు వాన ఈ లోయ రైతు ఇంటి విషయమే అయ్యెను.

విషయమును ఇట్లు సమగ్రముగా చూచు పద్ధతిని అమెరికాలో జే ఫారెస్టర్ అను ఆచార్యుడు 1950 తరువాత శాస్త్రముగా మలచెను. ఒక మార్పు తిరిగి వచ్చి తన మూలమునే ఎట్లు మార్చునో లెక్కకట్టుట అందలి సారము. నీరు వరిని పెంచును. వరి నీటి కొరతను పెంచును. కొరత మరియొక కాలువను కోరును.

2022లో నంద్యాల జిల్లా కేంద్రమైనది. ఇకమీద ఇచ్చట ఏ పథకము తలపెట్టినను, మంచి ఏట ఇది ఏమగును, కరవు ఏట ఏమగును, వరద నాడు ఏమగును, చివరి మడి వానికి ఏమి మిగులును అను నాలుగు ప్రశ్నలు ముందుగా అడుగవలెనని మా మనవి. వీనికి జవాబులు ఏ ఒక్క కచేరీలోను దొరకవు. నీటిపారుదల, వ్యవసాయ, రెవెన్యూ అధికారులు రైతుతో కలిసి కూర్చుండిననే దొరకును.