కొండకూ ఇసుకకూ ఒకే జోన్

భూకంపాల పటంలో విశాఖపట్నమంతా రెండో జోనే. అంటే దేశంలో అతి తక్కువ ప్రమాదమున్న తరగతి. కానీ రుషికొండ మీద ఖొండలైట్ రాయి, కొండ దిగితే నీరూరే తీరపు ఇసుక. ఈ రెంటికీ కలిపి ఒకే మాట చెప్పేస్తే ఎలా?

1933 డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ విశాఖ రేవును ప్రారంభించారు. గెడ్డ, అంటే వాగు, సముద్రంలో కలిసేచోటి చిత్తడిని తవ్వి కట్టిన రేవు అది. అలాంటి తడి నేల కంపిస్తే ఏమవుతుందో దూరాన మరోచోట తెలిసింది: నెల తిరక్కుండానే, 1934 జనవరి 15న, బిహార్-నేపాల్ భూకంపం వచ్చింది. హిమాలయాల దిగువ మైదానంలో నేల చీలి ఇసుకా నీరూ ఎగజిమ్మాయి, ఇళ్లు ఒరిగి కుంగాయి. నీటితో నిండిన వదులు ఇసుకను కుదిపితే రేణువులు దగ్గరపడాలని చూస్తాయి. మధ్యనున్న నీటికి బయటపడే వ్యవధి ఉండదు. బరువంతా నీటి మీద పడి, ఆ కాసేపూ నేల ద్రవమైపోతుంది. 1964లో జపాన్‌లోని నీగాటాలో అపార్టుమెంట్లు గోడలు చెక్కుచెదరకుండానే పక్కకు పడిపోయాక గానీ ఇంజనీర్లు దీన్ని గట్టిగా పట్టించుకోలేదు. 1971లో సీడ్, ఇద్రిస్ అనే ఇంజనీర్లు ఈ ద్రవీకరణ ముప్పును లెక్కగట్టే పద్ధతి చెప్పారు.

మన దగ్గర భూకంప నిర్మాణ ప్రమాణం 1962లోనే వచ్చింది. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం కంపించాయి. అవి ఇప్పుడు ప్రమాదం మరికాస్త ఎక్కువుండే మూడో జోన్‌లో ఉన్నాయి. విశాఖ వైపూ పూర్తిగా నిశ్శబ్దమేమీ కాదు, 1917 ఏప్రిల్‌లో విజయనగరం ప్రాంతంలో సుమారు 5.5 తీవ్రతతో భూమి కదిలింది.

ఇసుక వదులో గట్టో తేల్చే పరీక్ష మాత్రం చాలా మోటుది. బోరు గుంతలో గొట్టం దించి, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తునుంచి వదులుతారు. గొట్టం చివరి 30 సెంటీమీటర్లు దిగడానికి పడ్డ దెబ్బలే లెక్క. అయిదు మీటర్ల లోతు లోపు పదికి తక్కువ దెబ్బలకే దిగిపోతే, రెండో జోన్‌లోనైనా ద్రవీకరణను అనుమానించాల్సిందే. రేవు పరిసరాల్లోని మెత్తటి బంకమట్టి ఇసుకలా ద్రవీకరించదు, కానీ ఊపును పెంచుతుంది. ఆ సంగతి వేరు.

నా అభిప్రాయంలో విశాఖకు ముప్పు జోన్ అంకెలో కాదు, పూడ్చిన పల్లాల్లో ఉంది. తీరాన గానీ గెడ్డ పక్కన గానీ ఫ్లాటు కొనేవారు లిఫ్టు సంగతి తర్వాత అడగండి. ముందు మట్టి పరీక్ష నివేదిక అడిగి, ఆ దెబ్బల లెక్కా భూగర్భ నీటిమట్టమూ చూడండి.